నకలే అసలైన చోట

భిలాయి-3. ఊరి పేరులోనే ఒక అంకె. ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్‌లో పేటలన్నీ సెక్టార్లై అంకెలు తగిలించుకుంటే, దానికి తూర్పున, రాయపూర్ దిక్కుగా, హౌరా–ముంబై రైలు మార్గం మీద చరోదా మార్షలింగ్ యార్డును ఆనుకుని ఈ ఊరు పెరిగింది. కర్మాగారానికి వచ్చే వ్యాగన్లు, అక్కడి నుంచి పోయే వ్యాగన్లు, వాటిని విడదీసి కలిపే కార్మికులు, రైల్వే క్వార్టర్లు: ఇదీ దాని జీవితం. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం ఉత్తరాంధ్ర పల్లెలకు ఈ ప్రాంతాన్ని దగ్గర చేసింది. భిలాయి పరిసరాల్లో తెలుగు వినిపించని పేట అరుదు.

ఈ ప్రాంత చరిత్రలో రాయదగినవన్నీ ఎవరో ఒకరు రాశారు. సోవియట్ ఒప్పందం గురించి రాశారు. ఉత్పత్తి లెక్కలు రాశారు. 1991 సెప్టెంబరు 28న కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి హత్య గురించీ, మరుసటి ఏడాది జులై 1న కార్మికులపై జరిగిన పోలీసు కాల్పుల గురించీ రాశారు. రాయనిది ఒకటుంది. అవే సంవత్సరాల్లో, అవే క్వార్టర్లలో, తండ్రి రెండో షిఫ్టుకు వెళ్లిన సాయంత్రం పిల్లలు టీవీకి ఒక ప్లాస్టిక్ పెట్టెను తగిలించి ఏం చేసేవారన్నది. దాన్ని చరిత్ర అనడానికే చాలామంది ఒప్పుకోరు. ఒప్పుకునేనాటికి ఆ పెట్టె పనిచేసే స్థితిలో ఉండదు.

ఆ పెట్టెను వారు 'టీవీ గేమ్' అన్నారు. అందులో గుచ్చే కార్ట్రిడ్జిని 'క్యాసెట్' అన్నారు. దేశమంతా అలాగే అంది. ఆ పెట్టె ఎక్కడిది, ఎలా వచ్చింది, ఇప్పుడు దాన్ని ఎవరు కాపాడుతున్నారు, చట్టం వారిని ఏమంటోంది అన్న ప్రశ్నలు పిల్లల ఆటలకు సంబంధించినవిగా కనిపిస్తాయి. నిజానికి అవి సుంకాలకూ, లైసెన్సులకూ, పార్లమెంటు చేసిన చట్టాలకూ సంబంధించినవి.

పెట్టె వచ్చిన దారి

జపాన్‌లో నింటెండో సంస్థ 1983 జులై 15న 'ఫ్యామికామ్' అనే ఆట యంత్రాన్ని విడుదల చేసింది. అప్పటికి ఎనిమిది నెలల ముందే, 1982 నవంబరులో ఢిల్లీ ఆసియా క్రీడలు భారతదేశానికి రంగుల టీవీని తెచ్చాయి. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానాన్ని ప్రకటించింది. ఆ కాలంలోనే 'క్లాస్' పేరిట బడుల్లో కంప్యూటర్ అక్షరాస్యత పథకం మొదలై, బ్రిటన్ వారి బీబీసీ మైక్రో యంత్రాలు కొన్ని పాఠశాలలకు చేరాయి. కంప్యూటర్‌ను చదువుగా ప్రభుత్వం ఆహ్వానించింది. ఆటగా ఆహ్వానించలేదు. విదేశీ ఆట యంత్రం ఆనాటి ప్రభుత్వం దృష్టిలో విలాస వస్తువు. విలాసానికి దిగుమతి సుంకమే జవాబు.

సుంకం గోడ ఎత్తుగా ఉన్నచోట సరుకు గోడ కింద నుంచి వస్తుంది. ఫ్యామికామ్ విషయంలో ఆ పని తేలికైంది. ఆ యంత్రం గుండెకాయ 1975 నాటి 6502 ప్రాసెసర్‌కు రూపాంతరం. అమెరికాకు పంపిన నమూనాలో నింటెండో ఒక తాళపు చిప్‌ను పెట్టింది కాని, జపాన్ యంత్రంలో అది లేదు. ఎవరు చేసిన క్యాసెట్ అయినా అందులో ఆడుతుంది. తైవాన్‌కు చెందిన యూఎంసీ సంస్థ ఆ ప్రాసెసర్‌కూ, దాని చిత్రాల చిప్‌కూ నకళ్లు తయారుచేసింది. తర్వాత కొన్నేళ్లకు యంత్రం మొత్తం ఒకే చిప్‌లో ఇమిడిపోయింది. పైన నల్లటి ఎపాక్సీ చుక్క, కింద సన్నటి బోర్డు. ఆ నకళ్లు మన దేశంలో 'సమురాయ్', 'మీడియా' వంటి పేర్లతో అమ్ముడుపోయాయి. తర్వాతి కాలంలో ఏ పేరూ అక్కరలేకుండానే సంతల్లో, ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికాయి.

అసలు సరుకు రాకపోలేదు. 1995లో జపాన్‌కు చెందిన సెగా సంస్థ తన 'మెగా డ్రైవ్' యంత్రాన్ని భారత విపణిలోకి తెచ్చింది. దాన్ని పంపిణీ చేసినది షా వాలెస్. మద్యం వ్యాపారానికి పేరుపడిన సంస్థ. 80 శాతం సుంకాన్ని దాటే ఉపాయంగా కుదిరిన ఏర్పాటు అది. యంత్రం ధర 18,000 రూపాయలు. ఆ మొత్తం ఒక రైల్వే కుటుంబానికి ఎంత బరువో తెలియాలంటే, 1996 జనవరి 1 నుంచి అమలైన ఐదో వేతన సంఘం చూడాలి. అందులో కేంద్ర ఉద్యోగి కనీస మూలవేతనం 2,550 రూపాయలు. చరోదా యార్డులో చివరి మెట్టు మీద ఉన్న ఉద్యోగి ఏడు నెలల మూలవేతనాన్ని తినకుండా, తాగకుండా దాచి పెడితే ఒక మెగా డ్రైవ్ వస్తుంది. కాబట్టి భిలాయి-3 పిల్లవాడికి అసలూ నకలూ మధ్య ఎంపిక ఎన్నడూ లేదు. నకలు ఉండేది, లేదా ఏమీ ఉండేది కాదు.

రెండు దేశాలు, ఒకే నకలు

భిలాయి కర్మాగారం కథలో మరో నకలు ఉంది. దాన్ని ఎవరూ నకలు అనరు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. సోవియట్ నమూనా మీద, సోవియట్ ఇంజినీర్ల మార్గదర్శనంలో, భారతీయ చేతులతో 10 లక్షల టన్నుల సామర్థ్యంతో కర్మాగారం లేచింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. సామర్థ్యం 1967లో 25 లక్షల టన్నులకు, 1988లో 40 లక్షల టన్నులకు పెరిగింది. మొదట ఇతరుల నమూనా చూసి కట్టడం, ఆ కట్టడంలోనే నేర్చుకోవడం, నేర్చుకున్నాక సొంతంగా విస్తరించడం. పేద దేశాలు పారిశ్రామిక విద్యను ఈ క్రమంలోనే సంపాదించాయి. ఉక్కు విషయంలో అది జాతి గౌరవం అయింది.

ఉక్కు కొలిమి నమూనా ఇచ్చిన సోవియట్ దేశం కంప్యూటర్ల విషయంలో తానే నకళ్ల మీద ఆధారపడింది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 'టెట్రిస్' ఆటను రాసినది 'ఎలెక్ట్రానికా 60' అనే యంత్రం మీద. అది అమెరికా డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థవారి కంప్యూటర్‌కు సోవియట్ అనుకరణ. లెనిన్‌గ్రాడ్‌లో, మాస్కోలో యువ ఇంజినీర్లు బ్రిటిష్ 'స్పెక్ట్రమ్' కంప్యూటర్‌ను దేశీయ విడిభాగాలతో ఇళ్లలోనే తిరిగి నిర్మించుకున్నారు. ఆ దేశం పడిపోయిన ఏడాదికి, 1992 డిసెంబరులో, 'డెండీ' అనే టీవీ గేమ్ రష్యా మార్కెట్లోకి వచ్చింది. పెట్టె మీద ఏనుగు బొమ్మ. లోపల తైవాన్ వారి ఫ్యామికామ్ నకలు. కొంతకాలం దాన్ని దుబ్నా పట్టణంలోని కర్మాగారంలో బిగించారు. అణు పరిశోధనకు పేరుపొందిన పట్టణం అది.

1990లలో రష్యా పిల్లలూ భిలాయి పిల్లలూ ఒకే యంత్రం ముందు కూర్చున్నారు. ఏ ప్రభుత్వమూ ఒప్పందం చేయలేదు. ఏ రాష్ట్రపతీ రిబ్బను కత్తిరించలేదు. భారత–సోవియట్ మైత్రి గురించి వెలువడిన ఉద్గ్రంథాల్లో ఈ సంగతి కనిపించదు. అయినా రెండు సమాజాలూ ఒకే సమయంలో, ఒకే నకలు ద్వారా, ఒకే డిజిటల్ బాల్యంలోకి అడుగుపెట్టాయన్నది వాస్తవం. పజిత్నోవ్ రాసిన ఆట మన జాతరల్లోకి 'బ్రిక్ గేమ్' అనే చేతి యంత్రంగా, చైనా చేతుల మీదుగా వచ్చింది. అది సోవియట్ శాస్త్రవేత్త సృష్టి అని కొన్నవారికీ తెలియదు, అమ్మినవారికీ తెలియదు.

ఆరో వంతు నెమ్మది

నకలు అసలుకు అచ్చు ప్రతి అయితే ఈ కథ ఇక్కడితో ముగిసేది. కాని అది అచ్చు ప్రతి కాదు.

జపాన్ టీవీ సెకనుకు 60 సార్లు చిత్రాన్ని మారుస్తుంది. భారతదేశం, రష్యాల టీవీలు 50 సార్లు. యూరప్‌కు అధికారికంగా పంపిన యంత్రంలో నింటెండో ఈ తేడాకు తనదైన సర్దుబాటు చేసింది. తైవాన్ చిప్‌లు మరో దారి పట్టాయి. జపాన్ క్యాసెట్లు చిత్రం చెడకుండా ఆడాలి, టీవీ మాత్రం 50 సార్ల పద్ధతిదై ఉండాలి. ఈ రెంటినీ కలపడానికి అవి తెరపై చిత్రానికీ ప్రాసెసర్‌కూ మధ్య కాలాన్ని కొత్తగా పంచాయి. ఫలితంగా ఆట ఆరో వంతు నెమ్మదించింది. సంగీతం స్థాయి పెద్దగా మారలేదు గాని, లయ మందగించింది. జపాన్ పిల్లవాడు విన్న పాటను భిలాయి పిల్లవాడు విలంబ కాలంలో విన్నాడు. అతడి వేళ్లు ఆ కాలానికే అలవాటుపడ్డాయి.

క్యాసెట్లలోనూ ఇదే జరిగింది. '64 ఇన్ 1' అని ఒకటి, '9999999 ఇన్ 1' అని మరొకటి. లెక్కపెడితే అందులో అసలైన ఆటలు చేతి వేళ్లకు సరిపోతాయి. మిగిలినవి అవే ఆటలు, రెండో దశ నుంచో మూడో దశ నుంచో మొదలయ్యేవి, పేరు మార్చుకుని వరుసలో నిలబడ్డవి. ఆ జాబితా చూపే తెర, దాని వెనక బొమ్మ, దాని పాట, అక్షరదోషాలతో నిండిన ఆంగ్లం: వీటిని ఏ జపాన్ సంస్థా తయారుచేయలేదు. ఎవరు చేశారో వారి పేరు ఎక్కడా లేదు. భారతదేశంలో లక్షల ఇళ్లకు వీడియో గేమ్ అంటే మొదట కనిపించినది ఆ తెరే.

ఇక్కడే అసలు చిక్కు. క్యోటోలోని సంస్థ తన పాత ఆటలను ఎంత శ్రద్ధగా భద్రపరచినా, ఎన్నిసార్లు తిరిగి విడుదల చేసినా, ఈ జాబితా తెర అందులో ఉండదు, ఈ నెమ్మదించిన లయ ఉండదు. తాను చేయనిదాన్ని, తనకు నష్టం కలిగించినదాన్ని ఏ సంస్థ భద్రపరుస్తుంది? భద్రపరచమని అడిగే హక్కు కూడా మనకు లేదు. మన చరిత్ర నకళ్ల చరిత్ర. దాన్ని దాచవలసినవారు మనమే.

దాచే ప్రయత్నం చాలా దూరం నుంచి, అనామకంగా మొదలైంది. 1996లో మరాత్ ఫైజుల్లిన్ అనే రష్యన్ ప్రోగ్రామర్ ఫ్యామికామ్‌ను కంప్యూటర్ మీద అనుకరించే 'ఐనెస్' అనే ప్రోగ్రామ్ రాశారు. అలాంటి ప్రోగ్రామ్‌నే ఎమ్యులేటర్ అంటారు. క్యాసెట్ లోపలి సమాచారాన్ని ఫైలుగా దాచేందుకు ఆయన నిర్ణయించిన 16 బైట్ల శీర్షిక ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. 1997 ఫిబ్రవరిలో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా ఆర్కేడ్ యంత్రాల కోసం 'మేమ్' ప్రాజెక్టును ఆరంభించారు. నేటి ఫ్యామికామ్ ఎమ్యులేటర్లు కొన్నింటిలో టీవీ పద్ధతిని ఎంచుకునే చోట మూడు పేర్లు ఉంటాయి: ఎన్‌టీఎస్‌సీ, పాల్, డెండీ. మూడోది నకలు యంత్రం పేరు. ఆ తైవాన్ చిప్‌ల కాల విభజనను గీత గీతకూ కొలిచి, యథాతథంగా పునర్నిర్మించారు. నకలుకు కూడా నమ్మకమైన ప్రతి ఉండాలని ఎవరో ఔత్సాహికులు భావించినందువల్లనే భిలాయి బాల్యపు లయ నేడు సాంకేతికంగా సాధ్యమవుతోంది.

లేఖకుల వారసులు

తెలుగువారికి ఈ పని కొత్తదేమీ కాదు. తాటాకు ప్రతి కొన్ని తరాలు మాత్రమే నిలుస్తుంది. పురుగు తింటుంది, పెళుసెక్కుతుంది. ఆంధ్ర మహాభారతం మనదాకా వచ్చినది నన్నయ చేతి ఆకుల మీద కాదు, నకలు మీద నకలు రాసిన లేఖకుల చలవ వల్ల. ఒక లేఖకుడు తప్పు రాస్తే మరో ప్రతితో పోల్చి దిద్దుకున్నారు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కూడగట్టి, సొంత ఖర్చుతో ప్రతులు రాయించి, పాఠాంతరాలు పోల్పించారు. సాహిత్య చరిత్రలో దాన్ని ఉద్ధరణ అన్నారు. చౌర్యం అనలేదు.

పాత క్యాసెట్‌ను చదివే పని దానికి అచ్చమైన పోలిక. ఒక క్యాసెట్ నుంచి తీసిన ఫైలును మరో చోట, మరో క్యాసెట్ నుంచి తీసిన ఫైలుతో గణిత సంకేతం ద్వారా పోలుస్తారు. రెండూ ఒకటైతే పాఠం స్థిరపడుతుంది. తేడా వస్తే ఒకటి చెడిందనో, లేదా అది మరో కూర్పు అనో తేలుస్తారు. క్యాసెట్ తాటాకు కన్నా అల్పాయుష్కురాలు. నకలు క్యాసెట్లు మరీను: చవక బోర్డు, సన్నటి టంకం, తుప్పెక్కే పిన్నులు. కొన్నింటిలో వాడిన చిప్‌లు కాలం గడిచే కొద్దీ తమలోని సమాచారాన్ని తామే మరిచిపోతాయి.

ఈ పనికి కావలసిన సాధనం ఇంట్లో తయారుచేసుకునేది కావడమే గత పదిహేనేళ్లలో వచ్చిన మార్పు. 2012 ఫిబ్రవరి 29న బ్రిటన్‌లో 'రాస్ప్‌బెరీ పై' అనే చిన్న కంప్యూటర్ 35 డాలర్లకు విడుదలైంది. బడి పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడం దాని ఉద్దేశం. ఆ ఏడాదే దాన్ని పాత ఆటల యంత్రంగా మార్చే 'రెట్రోపై' మొదలైంది. 2015 నవంబరులో 5 డాలర్ల 'పై జీరో', 2021 జనవరిలో 4 డాలర్ల 'పికో' వచ్చాయి. ఫ్యామికామ్‌లో పని చేసే జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు. 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట మొత్తం 40 కిలోబైట్లు. పికోలో 264 కిలోబైట్లు ఉన్నాయి. నాలుగు డాలర్ల చిప్ ఒకనాటి ఆట యంత్రాన్ని పూర్తిగా తనలో మోయగలదు. క్యాసెట్‌ను చదివి ఫైలుగా మార్చే పరికరాన్ని 'ఆర్డుయినో మెగా' బోర్డు మీద కట్టుకునే నమూనా అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో విడిభాగాలు ఏరుకునే పాలిటెక్నిక్ విద్యార్థికి ఇదేమీ అందరాని విద్య కాదు.

ఇందులో ధరకు మించిన విషయం ఉంది. అమెరికాలో 2017లో ఇదే పాత యంత్రాన్ని అల్యూమినియం పెట్టెలో, పునర్నిర్మించిన సర్క్యూట్‌తో 449 డాలర్లకు అమ్మారు. అది సేకర్తల వస్తువు. స్మృతిని కాపాడే సాధనం అంత ఖరీదైతే, ఎవరి స్మృతి మిగలాలో డబ్బే నిర్ణయిస్తుంది. ధర నాలుగు వందల రూపాయల స్థాయికి దిగితే, ఆ నిర్ణయం రైల్వే క్వార్టర్లోకి వస్తుంది.

ఎమ్యులేషన్ అన్నింటినీ తిరిగి తేలేదు. బాతులను కాల్చే ఆటలోని ప్లాస్టిక్ తుపాకీ పాత గాజు టీవీ ముందే పనిచేస్తుంది, ఎందుకంటే తెర మీద గీత వెలిగే క్షణాన్ని అది పట్టుకుంటుంది. ఎల్‌సీడీ తెర ముందు అది గుడ్డిది. అందుకు విరుగుడుగా ఔత్సాహికులు పరారుణ దీపాలు, చిన్న కెమెరా కలిపి కొత్త తుపాకీలు కట్టుకుంటున్నారు. పాత టీవీ దొరికితే అదే మేలు. కాని గాజు టీవీలు తుక్కు బళ్ల మీద తరలిపోతున్నాయి. భిలాయికి తుక్కు విలువ తెలుసు. తుక్కును కరిగిస్తే మళ్లీ ఉక్కు అవుతుంది. కరిగిస్తే తిరిగి రానివీ ఉంటాయి.

చట్టంలో ఒక్క మాట

ఇక ప్రభుత్వం సంగతి. 1954లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకూ చేరాలి. తర్వాత పత్రికలను చేర్చారు. అక్కడితో ఆగింది. సినిమా విషయంలో మేలుకునే సరికి ఆలస్యమైంది. జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో ఏర్పడింది. అప్పటికి 1931 నాటి తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' చేజారింది. మనకు మిగిలినవి పోస్టర్లు, ఫొటోలు. వీడియో గేమ్‌కు అలాంటి ఆలస్యపు ఆర్కైవ్ కూడా లేదు.

కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య కృతిగా పరిగణిస్తుంది. రక్షణ రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు. 1980లలో యువకుడైన ప్రోగ్రామర్ రాసిన ఆట ఈ శతాబ్దం చివరి దశకాల దాకా ఎవరి సొత్తో వారిదే. క్యాసెట్ అంతకాలం బతకదు. 1990లలో చేర్చిన 63బి సెక్షన్ ప్రకారం, అక్రమ ప్రతి అని తెలిసి ప్రోగ్రామ్‌ను వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభాపేక్ష లేదని తేలితే జైలు లేకుండా వదిలే వీలును అదే సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. 52వ సెక్షన్‌లో మినహాయింపులు ఉన్నాయి. చట్టబద్ధంగా కొన్న ప్రోగ్రామ్‌కు రక్షణ ప్రతి తీసుకోవచ్చు. కాని నకలుగానే కొన్నదానికి చట్టబద్ధమైన కొనుగోలు ఎక్కడిది?

2012 సవరణ గ్రంథాలయాలకు ఒక దారి తెరిచింది. 52(1)(ఎన్) ప్రకారం, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం భద్రపరచే నిమిత్తం ఒక కృతిని ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. ఒకే షరతు: ఆ కృతికి డిజిటల్ కాని ప్రతి ఆ గ్రంథాలయం వద్ద అప్పటికే ఉండాలి. పుస్తకానికి ఉంటుంది. వీడియో గేమ్‌కు ఎలా ఉంటుంది? అది పుట్టుకతోనే డిజిటల్. కాగితాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన షరతు ఒక పూర్తి కళారూపాన్ని గుమ్మం బయటే నిలబెట్టింది.

ఇతర దేశాలు ఈ చర్చలో ముందున్నాయనుకోవడం కూడా పొరపాటే. 2000 సంవత్సరంలో అమెరికా అప్పీలు కోర్టు సోనీ, కనెక్టిక్స్ వ్యాజ్యంలో ఎమ్యులేటర్ తయారీకి జరిపే విశ్లేషణ న్యాయసమ్మతమేనని తీర్పు చెప్పింది. అయినా 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు విపణిలో దొరకవు. గ్రంథాలయాలు పరిశోధకులకు ఆ ఆటలను దూరం నుంచి అందించేందుకు అనుమతి కోరితే, 2024 అక్టోబరులో అక్కడి కాపీరైట్ కార్యాలయం తిరస్కరించింది.

హక్కుదారుల వాదనలో పస లేదని కాదు. పది వేల ఆటలు నింపిన చైనా చేతి యంత్రాన్ని ఆన్‌లైన్ దుకాణంలో అమ్మేవాడు ఎవరి స్మృతినీ కాపాడడం లేదు, ఇతరుల శ్రమను సంచుల్లో పోసి అమ్ముతున్నాడు. నిన్న మొన్నటి ఆటను విడుదల రోజునే ఉచితంగా పంచడం భద్రత కాదు. అందుకే గీత గీయవలసిన బాధ్యత చట్టానిది. మార్కెట్లో దొరకనిదాన్ని, లాభం లేకుండా, గ్రంథాలయమో విశ్వవిద్యాలయమో దాచుకోవడం ఒకటి. ఆ ప్రతులతో వ్యాపారం చేయడం మరొకటి. నేటి చట్టం ఈ రెంటినీ ఒకే కంటితో చూస్తోంది. ఫలితంగా వ్యాపారి నిర్భయంగా అమ్ముతుంటే, గ్రంథాలయాధికారి భయపడుతున్నాడు.

పాలకులకు ఆటలు కనిపించకపోవడం కారణం కాదు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తూ చట్టం చేసింది. 2022 కేంద్ర బడ్జెట్ యానిమేషన్, గేమింగ్ రంగాలకు కార్యదళాన్ని ప్రకటించింది. అంటే ఆట ప్రభుత్వానికి రెండు రూపాల్లోనే తెలుసు. ఒకటి అరికట్టవలసిన జూదం, రెండోది ఎగుమతి కావలసిన పరిశ్రమ. దానికి ఒక గతం ఉందన్నది, ఆ గతం కోట్లాది సామాన్యుల ఇళ్లలో గడిచిందన్నది ఏ దస్త్రంలోనూ లేదు. చరిత్ర లేని పరిశ్రమను నిర్మించాలన్న ఈ ఆశ వింతైనది. సినిమా విద్యార్థికి పాత సినిమా చూపకుండా సినిమా నేర్పుతామని ఎవరూ అనరు.

కావలసినవి పెద్ద పథకాలు కావు. 1954 చట్టం పరిధిలోకి డిజిటల్ కృతులను తేవాలి. జాతీయ గ్రంథాలయమో, ఫిల్మ్ ఆర్కైవో భారతీయ ఇళ్లలో తిరిగిన యంత్రాలను, క్యాసెట్లను, నకళ్లతో సహా సేకరించాలి. ఇంట్లో సాధనాలు కట్టుకున్నవారి నైపుణ్యాన్ని ఆ పనికి వినియోగించుకోవాలి. వారు ఇప్పటికే జీతం లేకుండా చేస్తున్న పని అది.

చరోదా యార్డులో పనిచేసి రిటైరైన తరం వెళ్లిపోతోంది. వారి పిల్లలు నలభైల్లో ఉన్నారు. అటకల మీద అట్టపెట్టెల్లో ఉన్న క్యాసెట్లు మరో పదేళ్లు చదవడానికి అనువుగా ఉంటాయన్న హామీ లేదు. వాటికి దారి ఇవ్వడానికి 52(1)(ఎన్)లో కొత్తగా చేర్చవలసినది ఏమీ లేదు. డిజిటల్ ప్రతులను బయట నిలిపిన ఆ ఒక్క మాటను కొట్టివేస్తే చాలు.